ఆయిల్ లైటు వెలిగిన బండికి చిక్కటి ఆయిల్ పోసి పంపకండి: ఆటోనగర్ మెకానిక్‌లకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు, విశాఖ, హైదరాబాద్ ఆటోనగర్లలోనూ, మండల కేంద్రాల్లో రోడ్డు పక్క షెడ్లలోనూ పని చేస్తున్న మెకానిక్ అన్నదమ్ములకు, షెడ్డు యజమానులకు, మెకానిక్ సంఘాల పెద్దలకు

నమస్కారం.

నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చెప్పి రిటైరైన మాస్టారిని. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. నా దగ్గర చదవకపోయినా చేతిపనిలో నన్ను మించినవాళ్లు చాలామంది ఉన్నారు. వారంటీ తీరిన బండిని షోరూముకు తీసుకెళ్లేవాళ్లు తక్కువ. పదేళ్లు దాటిందంటే అది మీ షెడ్డుకే వస్తుంది. అందుకే ఈ ఉత్తరం కంపెనీలకు కాకుండా మీకు రాస్తున్నాను.

నేను అడగదలచింది ఒక్కటే. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలుగుతోందని బండి వస్తే, చిక్కటి ఆయిల్ పోసి పంపించకండి. ముందు గేజ్ పెట్టి ఆయిల్ ప్రెషర్ చూడండి. తక్కువుంటే చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి దించి, స్ట్రైనర్, అంటే పంపు ఆయిల్ లాగే పైపు మూతికి ఉండే జాలీ చూడండి. ఏ ఆయిల్ పోయాలి, ఏ పార్టు మార్చాలి అన్న మాట ఆ తర్వాతే.

ఇది మీకు తెలియక జరుగుతోందని నేను అనుకోవడం లేదు. కస్టమర్ గంటలో బండి కావాలంటాడు. చాంబర్ దించాలంటే లేబర్ ఎందుకంత అంటాడు. పక్క షెడ్డువాడు ఆయిల్ మార్చి లైటు ఆర్పేసి పంపిస్తే, చాంబర్ దించాలన్నవాడే బిల్లు పెంచడానికి చెబుతున్నాడన్న పేరు తెచ్చుకుంటాడు. ఈ కష్టం నాకు తెలుసు. దీని గురించి కింద మాట్లాడతాను. కానీ ముందు ఆ లైటు సంగతి.

చాలా ఇంజిన్లలో ఆయిల్ ప్రెషర్ 0.3 నుంచి 0.5 బార్‌కి పడిపోయాకే స్విచ్ ఆ లైటు వెలిగిస్తుంది. ఒత్తిడిని పీఎస్ఐలో కొలిస్తే అది సుమారు 4 నుంచి 7. వేడెక్కిన ఇంజిన్‌లో వెయ్యి ఆర్‌పీఎంకి (నిమిషానికి తిరిగే చుట్లకి) 10 పీఎస్ఐ చొప్పున ఉండాలని మనం చెప్పుకునే మోటు లెక్క ప్రకారం, హైవే మీద 3000 ఆర్‌పీఎంలో వెళ్లే బండికి 30 పీఎస్ఐ అయినా ఉండాలి. అక్కడ లైటు వెలిగిందంటే 30 ఉండాల్సిన చోట 7 కూడా లేదన్నమాట. 20కి పడిపోయినప్పుడు ఆ లైటు ఏమీ చెప్పదు, 12కి పడిపోయినా చెప్పదు. అది నోరు తెరిచేసరికి పిస్టన్ రాడ్ బేరింగ్‌కీ అది తిప్పే క్రాంక్‌కీ మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర తెగిపోతూ ఉంటుంది. ఆ సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో లెక్కపెట్టేది. అందులో ఆయిల్ ఒత్తిడితో నిండి ఉన్నంతసేపూ లోహానికి లోహం తగలదు. ఆ పొర పోయాక తగలడానికి నిమిషాలు చాలు. కాబట్టి "మెల్లగా ఇంటిదాకా వచ్చెయ్, చూద్దాం" అని ఫోన్లో చెప్పడం మానేయాలి. అక్కడే ఆపించి, ఆయిల్ లెవెల్ చూడమనాలి. లెవెల్ సరిగ్గానే ఉండి లైటు వెలుగుతుంటే బండిని కట్టి లాక్కురావాలి.

లైటు ఎప్పుడు వెలుగుతోంది, ఎప్పుడు ఆరుతోంది అని కస్టమర్‌ని అడిగితే సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర మినుకుమినుకుమంటూ, యాక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోతుంటే బేరింగుల్లో గ్యాప్ పెరిగి ఉండొచ్చు, పంపు అరిగి ఉండొచ్చు, లేదా ఆయిల్‌లో డీజిలో పెట్రోలో కలిసి పలచబడి ఉండొచ్చు. స్టార్ట్ చేసినప్పటి నుంచీ వెలుగుతూనే ఉండి, గేజ్ పెడితే ప్రెషర్ బాగుంటే తప్పు స్విచ్‌దో వైరుదో. మూడో రకం ఒకటుంది, ఎక్కువమంది మోసపోయేది దాని దగ్గరే. ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ ఉండదు. హైవే ఎక్కి అరగంట లాగించాక లైటు వస్తుంది. ఆపి పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే పోతుంది. లెవెల్ చూసే డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నిండుగా ఉంటుంది. ఇలా చెబితే ముందుగా అనుమానించాల్సింది స్ట్రైనర్‌నే. స్పీడు పెరిగినకొద్దీ పంపు గట్టిగా లాగుతుంది, చాంబర్‌లో ఉన్న మడ్డి వెళ్లి జాలీకి అతుక్కుంటుంది. ఆపితే లాగుడు పోతుంది కాబట్టి అది ఊడి కిందికి జారుతుంది. మళ్లీ హైవే ఎక్కాక అదే కథ.

విజయవాడ నుంచి చెన్నై రోడ్డులో తిప్పే ఒక ట్యాక్సీ డ్రైవర్ నాకు తెలుసు. బండి 1.3 లీటర్ల డీజిల్. ఫియట్ తయారుచేసిన ఆ 1248 సీసీ ఇంజిన్ గురించి మీకు చెప్పనక్కర్లేదు. 2007లో స్విఫ్ట్‌లో వచ్చింది మొదలు డిజైర్, విస్టా, మాంజా, పుంటో, లీనియా, ఎర్టిగా దాకా ఎన్నో బండ్లలో అదే. బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్తవి ఆగాయి కానీ మన రోడ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇతని బండికి చిలకలూరిపేట దాటాక లైటు వచ్చేది. టీ తాగి వచ్చేసరికి పోయేది. ఒక షెడ్డులో స్విచ్ మార్చారు. ఇంకో షెడ్డులో 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోశారు. కొన్నాళ్లు లైటు రాలేదు. నయమైందనుకున్నాడు. ఒంగోలు దగ్గర ఇంజిన్ పట్టేసింది.

ఆ చాంబర్ దించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అడుగున వేలి మందాన మడ్డి. స్ట్రైనర్ తీసి తిరగేస్తే జాలీలో ముప్పాతిక భాగం నల్లగా మూసుకుపోయి ఉంది. గోటితో గీకితే పైపొర ముద్దగా వచ్చేసింది. దాని కింద, చాంబర్ అంచు లీకవకుండా పూసే బూడిదరంగు సిలికాన్ పేస్ట్ పోగులు, చిన్న చిన్న ఉండలు, జాలీ కన్నాల్లో ఇరుక్కుని ఉన్నాయి. ఎప్పుడో ఎవరో చాంబర్ బిగించేటప్పుడు పేస్ట్ ఎక్కువ పూశారు. లోపలికి పిండుకుని వచ్చిన పేస్ట్ ఊడి వచ్చి ముందు జాలీ మీద పడింది, దాన్ని పట్టుకుని మడ్డి పేరుకుంది. ఒక రాడ్ బేరింగ్ క్రాంక్‌కి అతుక్కుపోయి తన చోట తిరిగిపోయింది. క్రాంక్ లేత్ షాపుకి వెళ్లింది, టర్బో మార్చాల్సి వచ్చింది, టైమింగ్ చైన్ సాగిపోయింది. మొదటి షెడ్డులోనే చాంబర్ దించి ఉంటే ఒక పూట పనితో పోయేది. అతనికి సీజన్ బేరాలన్నీ పోయాయి, ఈఎంఐలు మాత్రం ఆగలేదు.

చిక్కటి ఆయిల్ పోస్తే లైటు ఎందుకు ఆరింది? బేరింగు సందుల్లోంచి చిక్కటి ఆయిల్ తొందరగా జారిపోదు కాబట్టి స్విచ్ దగ్గర ఒత్తిడి కాస్త నిలబడుతుంది. స్విచ్‌కి అది చాలు. కానీ బేరింగ్‌కి కావాల్సింది ఒత్తిడి ఒక్కటే కాదు, ఆయిల్ పారాలి కూడా, ఎందుకంటే అక్కడి వేడిని మోసుకెళ్లేది ఆ పారే ఆయిలే. సగం మూసుకున్న జాలీలోంచి పలచటి ఆయిల్‌నే లాగలేకపోతున్న పంపు చిక్కటిదాన్ని ఎలా లాగుతుంది? బావిలో నిండా నీళ్లున్నా ఫుట్‌వాల్వ్‌కి నాచు పట్టుకుంటే మోటారు ఎంత తిరిగినా పొలానికి నీరందదని మన రైతులందరికీ తెలుసు. అప్పుడు ఎవరైనా ఫుట్‌వాల్వ్ పైకి లాగి కడుగుతారు. ఇక్కడ చేయాల్సిందీ అంతే. పైగా పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైన క్యామ్ దాకా, టర్బో దాకా చేరడానికి ఇంకాస్త ఆలస్యం అవుతుంది. ఎక్కువ అరుగుదల జరిగేది ఆ క్షణాల్లోనే. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో 20డబ్ల్యూ-50 సరైన ఆయిలే. 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40 లాంటి పలచటి ఆయిల్ కోసం చేసిన ఇంజిన్‌కి దాన్ని మందులా వాడకూడదు.

ఫిల్టర్ గురించి కూడా ఒక మాట. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్ ఆగిపోతుందని కుర్రాళ్లు అనుకుంటారు. సాధారణంగా ఆగదు. బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్ నేరుగా వెళ్లిపోతుంది. అంటే బేరింగులకు ఆయిల్ అందుతుంది కానీ చెత్తతో సహా అందుతుంది. స్ట్రైనర్‌కి చాలా ఇంజిన్లలో అలాంటి అడ్డదారి లేదు. అది మూసుకుంటే అన్నీ ఆగుతాయి.

ఇక ఈ మడ్డి ఎక్కడిది? ఆయిల్ మార్చకపోవడం వల్లే అని ఒక్కమాటలో తేల్చేస్తాం, అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్‌లోంచి పోతుంది. కొంత మాత్రం రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది, దాంతోపాటే కాలని ఇంధనం, మసి. ఇంజిన్ బాగా వేడెక్కి కాసేపు పరుగెత్తితే ఆ నీరు మళ్లీ ఆవిరై బ్రీదర్ ద్వారా బయటికి పోతుంది. వేడెక్కకుండానే ఆపేస్తే ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ఆయిల్‌లో మసిని విడివిడిగా తేలేట్టు ఉంచే మందులు కలిపి ఉంటాయి. అవి ఖర్చయిపోయాక మసి, నీరు, మాడిన ఆయిల్ కలిసి ముద్దకట్టి కిందికి దిగుతాయి.

మన దగ్గర దీనికి రెండు రకాల బండ్లు ఎక్కువ బలవుతున్నాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. ఇంట్లో అమ్మానాన్నల కోసం కొని ఉంచిన కారు పోర్టికోలో కవరు కప్పుకుని ఉంటుంది. బ్యాటరీ దిగిపోకుండా వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలుంచి ఆపేస్తారు. కిలోమీటర్లు తిరగలేదు కదా అని రెండు మూడేళ్లు ఆయిల్ మార్చరు. ఆ ఐదు నిమిషాలు ఇంజిన్‌కి మేలు చేయవు, ప్రతిసారీ కాస్త నీటిని, కాస్త పెట్రోలుని ఆయిల్‌లో కలిపి ఆపేసినట్టే అవుతుంది. ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ రంగులో నురగ కనిపించేది ఈ బండ్లకే. ఆ రంగు చూసి, హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ నీరు ఆయిల్‌లో కలిసిందని వెంటనే హెడ్ దించేవాళ్లూ ఉన్నారు. ముందు రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతోందా చూడండి, డిప్‌స్టిక్ చివర కూడా ఆ రంగే ఉందా చూడండి. మూత దగ్గర మాత్రమే ఉండి కూలెంట్ తగ్గకపోతే చాలాసార్లు అది పేరుకున్న ఆవిరే. ఆ పెద్దాయనకు చెప్పండి: స్టార్ట్ చేస్తే పాతిక ముప్పై కిలోమీటర్లు తిప్పమనండి, లేకపోతే అసలు స్టార్ట్ చేయవద్దనండి. ఎంత తక్కువ తిరిగినా ఏడాదికోసారి ఆయిల్ మార్చమనండి.

రెండోది ట్యాక్సీ. ఎయిర్‌పోర్టు బయట, కళ్యాణమండపం బయట ఏసీ వేసుకుని గంటలు గంటలు ఇంజిన్ తిరుగుతూ ఉంటుంది. మీటరులో ఒక్క కిలోమీటరు పెరగదు. పదివేలకు మార్చాలి, ఇంకా ఎనిమిదే అయింది అని లెక్క చెబుతాడు డ్రైవరన్న. ఇంజిన్ తిరిగిన గంటలు లెక్కేస్తే ఆ ఆయిల్ ఎప్పుడో అయిపోయింది. ఇలాంటి బండికి ఐదువేలకే మార్చమని చెప్పడం వ్యాపారం కోసం కాదని అతనికి ఓపిగ్గా వివరించాల్సింది మీరే.

ఈ మడ్డి జబ్బు పేదవాడి బండికి, చిన్న షెడ్డుకు మాత్రమే వచ్చేదని ఎవరూ అనుకోవద్దు. టయోటాకే వచ్చింది. 1997 నుంచి 2002 వరకు అమెరికాలో అమ్మిన బండ్లలో 3 లీటర్ల వీ6, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో మడ్డి చేరి ఇంజిన్లు పోయాయని ఓనర్లు గొడవ చేశారు. ఆయిల్ సరిగ్గా మార్చలేదని తప్పు మొదట ఓనర్ల మీదే పడింది. చివరికి 2002లో కంపెనీ ప్రత్యేకంగా ఉచిత రిపేరు ఏర్పాటు చేసింది, తర్వాత కోర్టు దావా కూడా రాజీతో ముగిసింది. అక్కడ చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలు చాలామంది మొదట కొనుక్కునేది పాత క్యామ్రీల్లాంటి బండ్లే. కాబట్టి ఈ సంగతి తెలియడం వాళ్లకీ మంచిదే.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం.

గేజ్ ప్రతి షెడ్డులోనూ ఉండాలి. స్విచ్ విప్పి ఆ కన్నంలో అడాప్టర్ బిగించి మెకానికల్ గేజ్ పెట్టడానికి ఎంతసేపు? మారుతీ, సుజుకీ ఇంజిన్లలో చాలావాటికి ఒకటే థ్రెడ్. మిగతా కంపెనీలకు మూడు నాలుగు అడాప్టర్లుంటే సరిపోతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 3000లో ఒకసారి చూసి జాబ్ కార్డు మీద రాయండి. చల్లటి ఇంజిన్ మీద తీసిన రీడింగ్ నమ్మకండి, అప్పుడు ఎవరికైనా బాగానే వస్తుంది.

తక్కువొస్తే చాంబర్ దించే ముందు ఇంజిన్ ఫ్లష్ పోయాలని చేయి లాగుతుంది. డీజిలో కిరసనాయిలో పోసి పది నిమిషాలు తిప్పే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దయచేసి మడ్డి పట్టిన ఇంజిన్‌లో ఈ పని చేయకండి. కిరసనాయిలుకి బేరింగ్‌ని మోసే శక్తి లేదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఇంజిన్ పైమూత అయిన ట్యాపెట్ కవర్ కింద, గోడల మీద ఏళ్లుగా పట్టుకున్న పెచ్చులు ఒక్కసారిగా ఊడి వచ్చి నేరుగా స్ట్రైనర్ మీద పడతాయి. అప్పటిదాకా సగం తెరిచి ఉన్న జాలీ ఆ పది నిమిషాల్లో పూర్తిగా మూసుకుంటుంది. ఫ్లష్ చేసిన మర్నాడు సీజ్ అయిన ఇంజిన్లు మీరూ చూసే ఉంటారు. శుభ్రంగా ఉన్న ఇంజిన్‌కి కంపెనీ ఫ్లష్ వాడారంటే నాకు అభ్యంతరం లేదు. మడ్డి ఉన్నచోట మాత్రం విప్పి చేత్తో తీయాల్సిందే.

చాంబర్ దించాక తొందర వద్దు. అడుగున ఉన్నదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తగా ఉంటే మడ్డి, గరగరలాడితే అందులో లోహం ఉంది. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అంటుకోకుండా రాగి రంగులో మెరిస్తే బేరింగ్ పైపొర పోయి లోపలి పొర దాకా వచ్చిందని అర్థం. పాత ఫిల్టర్ కోసి కాగితం విప్పి వెలుగులో చూడండి, అక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రాగి కనిపించినా, అప్పటికే రాడ్ సౌండ్ వస్తున్నా, స్ట్రైనర్ కడిగి బిగించి పంపితే లాభం లేదు. బేరింగ్ క్యాప్ విప్పి చూడాలి, క్రాంక్ కొలవాలి. కస్టమర్‌కి ఆ మాట అప్పుడే చెప్పేయాలి, చాంబర్ బిగించాక కాదు.

స్ట్రైనర్‌ని విప్పకుండా బ్రష్‌తో పైపైన తుడిస్తే సరిపోదు. పైపుతో సహా విప్పి, కడిగి, లోపలినుంచి బయటికి గాలి కొట్టండి, బయటినుంచి లోపలికి కొడితే చెత్త పైపులోకి పోతుంది. వెలుతురు వైపు పట్టుకుని చూస్తే జాలీ కన్నం కన్నం తెరుచుకుని కనిపించాలి. పైపు పంపుకి కలిసేచోట ఓ-రింగ్ (రబ్బరు రింగు) ఉంటే దాన్ని తప్పకుండా మార్చండి. ఏళ్లు గడిచేసరికి అది గట్టిపడి అట్టలా అవుతుంది. అక్కడినుంచి పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది. స్ట్రైనర్ శుభ్రంగా ఉండి కూడా ప్రెషర్ రాని బండ్లలో చాలాసార్లు దొంగ ఈ ఓ-రింగే. టీ ఖర్చుతో వచ్చే ముక్క అది. చాంబర్ దించినప్పుడే, ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ని వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ కూడా తీసి చూడండి. అందులో పిస్టన్ మడ్డికి అతుక్కుని తెరిచే ఉండిపోతే పంపు ఎంత కొట్టినా ఆయిల్ తిరిగి చాంబర్‌లోకే పోతుంది.

పైన ట్యాపెట్ కవర్ తీయకుండా ఈ పని పూర్తయినట్టు కాదు. హెడ్ మీద నుంచి ఆయిల్ కిందికి దిగే కన్నాలు మూసుకుంటే, పంపు పైకి కొట్టిన ఆయిల్ అక్కడే చెరువులా నిలిచిపోతుంది. హైవే మీద చాంబర్ ఖాళీ అయ్యి స్ట్రైనర్ గాలి పీలుస్తుంది. బండి ఆపి కాసేపయ్యాక ఆ ఆయిల్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి డిప్‌స్టిక్ నిండుగానే చూపిస్తుంది. చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ ముక్కతోనో మడ్డిని బయటికి తీయండి, కిందికి తోయకండి. కాటన్ వేస్ట్ వాడకండి, దాని పోగులు ఇంకో రోజు స్ట్రైనర్ మీద కనిపిస్తాయి. ఉతికిన బనియన్ గుడ్డ మంచిది.

బ్రీదర్ సంగతి చాలామంది వదిలేస్తారు. అక్కడ దారి మూసుకుపోవడం కూడా మడ్డి పుట్టడానికి ఒక కారణం కాబట్టి నేను వదలను. పెట్రోలు బండిలో ఈ ఆవిరిని బయటికి వదిలే పీసీవీ వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపితే చాలావాటిలో లోపల గోలీ కదిలిన చప్పుడు రావాలి. రాకపోతే మార్చండి. డీజిల్ బండికి బ్రీదర్ పైపు, ఆయిల్ సెపరేటర్ విప్పి కడగండి. ఇవి మూసుకుని ఉండగా కింద ఎంత శుభ్రం చేసినా ఏడాది తిరిగేసరికి అదే మడ్డి మళ్లీ చేరుతుంది.

బిగించేటప్పుడు పేస్ట్ విషయంలో చేయి బిగపట్టండి. పాత పేస్ట్ మొత్తం గీకేయాలి, రెండు వైపులా నూనె జిడ్డు లేకుండా తుడవాలి. రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి తీగలా, బోల్టు కన్నాలకు లోపలివైపు నుంచి తెగకుండా లాగితే చాలు. ఎక్కువ పూస్తే లీకు ఆగుతుందన్నది భ్రమ. బయటికి పిండుకున్నంతా మీకు కనిపిస్తుంది, లోపలికి అంతే పిండుకుని ఉంటుంది, అది కనిపించదు. ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. కస్టమర్ నిలబడి ఉన్నాడని అరగంటలో ఆయిల్ పోసేయకూడదు.

కొత్త ఫిల్టర్, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్. ఇంధనం ఆపి, అంటే పెట్రోలు బండికి పంపు రిలే తీసి, డీజిల్ బండికి ఇంజెక్టర్ కప్లర్లు తీసి, లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ మోటారుకి మధ్యలో విరామం ఇవ్వండి. లైటు ఆరాకే ఇంజిన్ అంటించండి. మళ్లీ గేజ్ పెట్టి రెండు రీడింగులు తీసి, పాత రీడింగుల పక్కనే రాయండి. వెయ్యి కిలోమీటర్లకి ఈ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, ఆ తర్వాత మూడువేలకి ఇంకోసారి. లోపల మిగిలిన మడ్డిని కొత్త ఆయిల్‌లో ఉన్న మందులే కొద్దికొద్దిగా కరిగించి తెస్తాయి. ఖరీదైన ఫ్లష్ కంటే ఇది మెల్లగా పని చేస్తుంది, కానీ ఇంజిన్‌కి హాని చేయదు.

డబ్బు గురించి మాట్లాడతానన్నాను. సంఘాల పెద్దలకు నా విన్నపం ఇది. ప్రెషర్ చెక్‌కి ఒక రేటు, చాంబర్ దించి స్ట్రైనర్ కడిగే పనికి బండిని బట్టి ఒక రేటు మీరంతా కూర్చుని నిర్ణయించి, ప్రతి షెడ్డులో బోర్డు మీద రాయించండి. ఇప్పుడు ఆయిల్ అమ్మితేనే డబ్బు, చూసి చెప్పినందుకు పైసా లేదు. చూడడానికి డబ్బు రానప్పుడు ఎవరు చూస్తారు? కస్టమర్లకు కూడా ఇక్కడే చెబుతున్నాను, వాళ్లూ ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి: జబ్బు కనిపెట్టినవాడికి డబ్బివ్వడం నేర్చుకోండి. డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇస్తున్నారు కదా. విప్పిన స్ట్రైనర్ ఫొటో, గేజ్ రీడింగ్ ఫొటో వాట్సాప్‌లో అడిగి తీసుకోండి. మెకానిక్ కూడా అడగకముందే పంపితే అనుమానాలుండవు.

నకిలీ ఆయిల్ గురించి కూడా సంఘాలు గట్టిగా ఉండాలి. ఖాళీ డబ్బాలను మూతతో సహా పాత సామాన్ల వాళ్లకి అమ్మేస్తే అవే మళ్లీ నిండి మన దగ్గరికి వస్తాయి. డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో రెండు చిల్లులు పెట్టి, మూత విడిగా పారేయండి. తీసిన ఆయిల్ కాలవలో పోయకండి. అది చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కే వెళ్లాలి. పీపాలో పట్టి ఉంచి సంఘం తరఫున ఒకేసారి ఇచ్చే ఏర్పాటు కష్టమేమీ కాదు.

చివరగా హెల్పర్ కుర్రాళ్లు. షెడ్డులో చేరిన పిల్లాడికి మొదట ఇచ్చే పని ఆయిల్ మార్చడమే. బండి కింద పడుకుని నట్టు విప్పడం నేర్పిస్తాం, బయటికి వచ్చిన ఆయిల్‌ని చూడడం నేర్పించం. మూసుకుపోయిన స్ట్రైనర్ ఒకటి దొరికినప్పుడు పాత ఇనుములో పారేయకండి. కడగకుండా ఒక కవర్లో పెట్టి టూల్ బోర్డు మీద మేకుకి తగిలించండి. చేరిన ప్రతి కుర్రాడి చేతికీ ఒకసారి ఇచ్చి, దీనివల్ల ఏ ఇంజిన్ పోయిందో చెప్పండి. కస్టమర్ వాదనకు దిగినప్పుడు కూడా అదే చూపించొచ్చు.

ఇందులో నేను చేయగలిగింది నేను చేస్తాను. మీ సంఘం ఏ ఆటోనగర్‌లో, ఏ సెలవు రోజున పిలిచినా వస్తాను. గేజ్, అడాప్టర్లు నేనే తెస్తాను. లైటు వెలుగుతున్న పాత బండి ఒకటి, చాంబర్ దించడానికి ఒప్పుకున్న దాని ఓనర్‌ని మీరు సిద్ధంగా ఉంచండి.

ఇట్లు,
మీ ఐటీఐ మాస్టారు